చింతపిక్కలతో కూరగాయల లెక్క: ఒక సర్వే డైరీ

2025 జూన్ 8, ఆదివారం

డిగ్రీ కాలేజీలో పోషకాహారం పాఠాలు చెబుతాను. చివరి సంవత్సరం పిల్లలతో ఏటా ఒక ప్రాజెక్టు చేయించాలి. ఇన్నేళ్లూ పసుపులో కల్తీ, పాలలో నీళ్లు అంటూ ప్రయోగశాలలోనే కానిచ్చేశాం. ఈసారి నలుగురు పిల్లలు, నేను రోడ్డు ఎక్కాం.

ప్రశ్న చిన్నదే. మనం ఉండే పేట ఆదాయాన్ని బట్టి, మంచి తిండి అందుబాటులో ఉందా లేదా అన్న మన అభిప్రాయం మారుతుందా? సికింద్రాబాదులో రెండు చోట్లు ఎంచుకున్నాం. ఒకటి నేనుండే కాలనీ, రెండోది రైలు కట్టకు అవతల ఉన్న బస్తీ. పేర్లు రాయను. ప్రతి ఇంట్లో ఫారం తీసేముందు ఇస్తున్న మాట అది.

కాలనీవాళ్లు అన్నీ దొరుకుతాయంటారు, బస్తీవాళ్లు ఏమీ దొరకవంటారు. మా ఊహ ఇది. నిజం చెప్పాలంటే నివేదిక చివరి పేరా కూడా మనసులో రాసేసుకున్నాను.

ఈ రోజు పని పటం గీయడం. ఫోన్లు పట్టుకుని రెండు చోట్లా తిరిగి కిరాణా కొట్లు, కూరగాయల బండ్లు, పండ్ల బండ్లు, గుడ్లు, పాలు, కోడిమాంసం అమ్మే చోట్లు గుర్తించాం. అమెరికా వ్యవసాయ శాఖ పట్టణాల్లో సూపర్‌మార్కెట్ ఒక మైలుకన్నా దూరంగా ఉందా అని చూస్తుంది. అలాంటి పేద పేటలకు అక్కడ ఆహార ఎడారి అని పేరు. సికింద్రాబాదులో మైలు అంటే మధ్యలో నాలుగు ప్రపంచాలు వస్తాయి. కాబట్టి మేము అర కిలోమీటరుకు కుదించి, బస్తీ నడిమధ్యన సూది గుచ్చి వృత్తం గీశాం.

సాయంత్రం చూస్తే బస్తీ పటం పచ్చగా కళకళలాడుతోంది. వృత్తంలో పెద్ద కూరగాయల దుకాణం కూడా పడింది. అది మా కాలనీది. పటంలో రైలు కట్ట సన్నని గీత మాత్రమే. బస్తీ నుంచి ఆ దుకాణానికి వెళ్లాలంటే వంతెన కింది దారి పట్టుకుని చుట్టి రావాలి. నడిచి చూశాం, ఇరవై రెండు నిమిషాలు పట్టింది. వానపడితే ఆ దారిలో మోకాలి లోతు నీళ్లు.

వృత్తం చెరిపేశాం. నడిచిన నిమిషాలే లెక్క.

జూన్ 15, ఆదివారం

బస్తీలో మాకు దారి చూపిస్తున్నది అంగన్‌వాడీ టీచర్. ఆమె లేకపోతే మొదటి గుమ్మం దగ్గరే ఆగిపోయేవాళ్లం. ఏ ఇంట్లో పసిబిడ్డ ఉంది, ఎవరు రాత్రి పనికి వెళ్లి పగలు పడుకుంటారు, ఏ అత్తాకోడళ్లను వేరువేరుగా అడగాలి, అన్నీ ఆమె నోటికి వచ్చు.

మొదటి ఫారం మొదటి ప్రశ్న: "మీ పేటలో ఆరోగ్యకరమైన ఆహారం సులభంగా దొరుకుతుందా?"

"ఎవరికి బాగాలేదు?" అని ఎదురు ప్రశ్న వేసింది ఒక పెద్దావిడ.

ఆరోగ్యం అన్న మాట వినగానే ఆమెకు జ్వరం గుర్తొచ్చింది. జ్వరం వస్తే పెట్టే రొట్టె, పాలు, కొబ్బరినీళ్లు, యాపిల్ పండు. మందుల దుకాణం పక్కనే ఉంది కదా, దొరుకుతాయి అంది. పక్కింటామె కూడా అదే చెప్పింది. మూడో ఇంట్లో పిల్లలకు పాలలో కలిపే పొడి పేరు చెప్పారు.

మధ్యాహ్నం కాలనీకి వచ్చాం. ఇక్కడ అదే ప్రశ్నకు ఓట్స్, కొర్రలు, ఆలివ్ నూనె, గానుగ నూనె. ఒకాయన సేంద్రియ వ్యవసాయం గురించి అరగంట ఉపన్యాసమిచ్చి, చివరకు మజ్జిగ ఇచ్చి పంపారు.

ఒకే ప్రశ్న అడిగామని మేము అనుకున్నాం. నిజానికి ఒకచోట పథ్యం గురించి, ఇంకోచోట ఫ్యాషన్ గురించి అడిగాం.

"బలమైన తిండి అని అడగండి మేడమ్" అంది అంగన్‌వాడీ టీచర్. అడిగితే మాంసం, గుడ్లు, మేక కాళ్ల పులుసు వచ్చాయి. కూరగాయలు ఒక్కరూ చెప్పలేదు. వాళ్ల లెక్కలో ఆకుకూర తిండే గానీ బలం కాదు. ఇక పేర్లు పెట్టి అడగడమే మేలని నిర్ణయించాం. ఆకుకూర, కూరగాయ, పప్పు, గుడ్డు, పాలు, పండు. ఆరూ ఆరు ప్రశ్నలు.

ఆ పెద్దావిడ మాట ఒకటి రాసుకోకుండా ఉండలేను. చిన్నప్పుడు ఏం తినేవారని అడిగితే జొన్నరొట్టె, గోంగూర అంది. ఇప్పుడెందుకు తినరంటే నవ్వింది. "అప్పుడు బియ్యం కొనే స్థోమత లేక జొన్నలు తిన్నాం. ఇప్పుడు జొన్నలు కొనే స్థోమత లేక బియ్యం తింటున్నాం." చిరుధాన్యాల అంతర్జాతీయ సంవత్సరం అని 2023లో మా కాలేజీలో ఊరేగింపు తీశాం. బ్యానరు ఒక కొస నేనే పట్టుకున్నాను.

జూన్ 21, శనివారం

ఇంటింటా బియ్యం బస్తాలే. జూన్, జూలై, ఆగస్టు మూడు నెలల రేషను ఒకేసారి ఇస్తున్నారు. మనిషికి నెలకు 6 కిలోల చొప్పున నలుగురున్న ఇంటికి 72 కిలోలు. ఉగాది నుంచి ఇస్తున్న సన్నబియ్యం కాబట్టి అమ్ముకోవాలని ఎవరికీ లేదు, తింటున్నారు. ఒకే గదిలో బస్తాల మీద దుప్పటి పరిచి పిల్లాడిని పడుకోబెట్టారు. ఆ బస్తాల మీదే కూర్చుని ఆకుకూరల గురించి అడిగాం.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2000 కేలరీల పళ్లెంలో ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలి. నలుగురికి రోజుకు కిలో ఆరువందల గ్రాముల కూరగాయలు. సగటున కిలో 40 రూపాయలనుకున్నా రోజుకు 64, నెలకు 1,920 రూపాయలు. పండ్లు, పాలు, పప్పు, నూనె ఈ లెక్కలో లేవు. ఇదే లెక్క ఏటా తరగతిలో బోర్డు మీద వేస్తాను. 72 కిలోల బియ్యం పక్కన కూర్చుని వేయడం ఇదే మొదటిసారి.

ఈ రోజు అసలు పని తూకం. వంటింటి చిన్న తక్కెడ, బ్యాటరీది, సంచిలో పెట్టుకుని వెళ్లాం. బస్తీలో బండ్లమీద కిలోల లెక్క తక్కువ. పోగులు పెడతారు. పది రూపాయల పోగు, ఇరవై రూపాయల పోగు. పొద్దున ఏడింటికి ఇరవై రూపాయల టమాటా పోగు కొని తూచాం. 430 గ్రాములు వచ్చింది. కిలోకు 46 రూపాయలు దాటింది. అదే పూట కాలనీ దుకాణంలో కిలో 34, సంచిలో వేసి, ఫోను చేస్తే ఇంటికి తెచ్చి ఇచ్చే సదుపాయంతో సహా. పేదవాళ్లు ఎక్కువ ధర కడుతున్నారని పిల్లలు ఎగిరి గంతేశారు. నాకూ సంబరమే. పరిశోధకులకు అన్యాయం దొరికితే కలిగే ఒక రకం సిగ్గులేని సంబరం.

అంగన్‌వాడీ టీచర్ మాత్రం ఏమీ అనలేదు. "రాత్రి తొమ్మిదింటికి రండి" అంది.

వచ్చాం. వీధి దీపం కింద అదే బండి, అదే మనిషి. పోగులు పెద్దవయ్యాయి. తక్కెడ తీయగానే అతని ముఖం మారిపోయింది. తూనికలు కొలతల శాఖవాళ్లం అనుకున్నాడట. మా పిల్లల్లో ఒకమ్మాయి కాలేజీ గుర్తింపు కార్డు చూపించి, టీ తాగించి, నమ్మకం కుదిర్చేసరికి పావుగంట పట్టింది. ఇరవై రూపాయల పోగు తూచాం. 910 గ్రాములు. నాలుగైదు పండ్లు మెత్తబడ్డాయి, ఒకటి పగిలింది, మిగతావన్నీ నిక్షేపం. కిలో 22 రూపాయలు పడింది. కాలనీలో ఎవరూ ఆ ధర ఎరగరు, ఎందుకంటే తొమ్మిదింటికి కాలనీ భోజనం ముగించి టీవీ ముందు కూర్చుంటుంది.

బండి చుట్టూ ఎనిమిది మంది ఆడవాళ్లున్నారు. అందరూ ఇళ్లలోనో హాస్టళ్లలోనో పని ముగించుకుని వచ్చినవాళ్లే. ఒకామె వంకాయ తొడిమ దగ్గర గోటితో నొక్కి చూసి, పక్కన పెట్టి, ఇంకోటి తీసుకుని, కొసరుగా రెండు పచ్చిమిరపకాయలు, ఒక కరివేపాకు రెబ్బ అడగకుండానే సంచిలో వేసుకుంది. బండివాడు చూసి చూడనట్టు ఊరుకున్నాడు. కిలో ధరలో ఆ కరివేపాకును ఎక్కడ కలపాలో మా ఫారంలో గడి లేదు.

పటం మీద దూరం ఒక్కటే గీశాం. గడియారం కూడా గీయాలి.

జూన్ 28, శనివారం

"పూర్తిగా ఒప్పుకుంటాను, కొంతవరకు ఒప్పుకుంటాను, ఏమీ చెప్పలేను..." ఈ ఐదు మెట్ల కొలబద్ద రెండు చోట్లా పని చేయలేదు. కాలనీలో కొంతవరకు అంటే ఎంతవరకు అని వాదనకు దిగారు. బస్తీలో మొహమాటానికి పూర్తిగా ఒప్పేసుకున్నారు, పాపం, మేము ఎండలో తిరుగుతున్నామని.

అమ్మ దగ్గర చింతపిక్కల డబ్బా ఉంది, వామనగుంటలు ఆడేది. అది పట్టుకెళ్లాం. ఆరు గుండ్రాలు ముగ్గుతో గీసి, ఒక్కో గుండ్రానికి ఐదు పిక్కలిచ్చి, బాగా దొరుకుతుందనిపిస్తే ఐదూ పెట్టండి, అసలు దొరకదనిపిస్తే ఏమీ పెట్టకండి అన్నాం. పిక్కలు చేతికి రాగానే మనుషులు మారిపోయారు. పెట్టి, ఆలోచించి, ఒకటి వెనక్కి తీసుకుంటారు. ఆ వెనక్కి తీసుకోవడం దగ్గర ఎందుకమ్మా అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

ఫలితం చూసి మతిపోయింది. బస్తీలో కూరగాయల గుండ్రంలో చాలామంది నాలుగు, ఐదు పెట్టారు. కాలనీలో అదే గుండ్రంలో ఒకటి, రెండు.

కాలనీ పెద్దాయన ఒకరు ఒకే ఒక్క పిక్క పెట్టారు. వారానికోసారి కారులో రైతుబజారుకు వెళ్లి వస్తారు. వాళ్ల ఫ్రిజ్ తెరిస్తే కింది అర నిండా కూరగాయలు. "మందు కొట్టని వంకాయ ఒక్కటి చూపించమ్మా ఈ ఊళ్లో. ఇవన్నీ తప్పక తినడమే" అన్నారు. అబద్ధమాడలేదు, ఆయన బెంగ నిజమే. ఎదురింటావిడ రెండు పెట్టారు. అవకాడో నాలుగు రోజులుగా రావట్లేదట.

బస్తీలో హాస్టల్లో అంట్లు తోమే ఆమె, ఇద్దరు పిల్లల తల్లి, ఐదు పిక్కలూ పెట్టి చేతులు దులుపుకుంది. అలవాటుగా తర్వాతి ప్రశ్న అడిగాం: నిన్న ఇంట్లో ఏం కూర? కారం మెతుకులు, చారు. మొన్న? చారే.

"మరి ఐదు పెట్టావేమిటమ్మా?"

"దొరుకుతాయా అని అడిగారు కదా మేడమ్. దొరుకుతాయి. బండి మా గుమ్మం ముందే ఆగుతుంది. ఆపేది నేను కాదు, అంతే."

ఇంటికొచ్చి ఆ పిక్కల లెక్కలు మళ్లీ చూసుకున్నాను. అంకెలు అలాగే పటం మీద ఎక్కిస్తే కాలనీ ఎర్రగా, బస్తీ పచ్చగా వస్తుంది. ఏ అధికారో దాన్ని చూస్తే కాలనీలో ఇంకో కూరగాయల దుకాణం తెరుస్తాడు. తప్పు వాళ్లు పెట్టిన పిక్కల్లో లేదు. నాకు కావలసింది అనుకుంటే దొరకాలి అన్నది కాలనీ కొలత. దొరికిన దానిలో నాకు ఏది వస్తుంది అన్నది బస్తీ కొలత. ఎవరి తక్కెడలో ఎవరి రాళ్లున్నాయో చూడకుండా, తూకం ఒక్కటే రాసుకున్నాం.

జూన్ 30, సోమవారం

వాన. ఇంట్లోనే చదువు.

1981లో పెన్‌చాన్‌స్కీ, థామస్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు, వైద్యం అందుబాటు అంటే ఒకటి కాదు, ఐదు అన్నారు. ఉండటం, చేరగలగడం, కొనగలగడం, మన వేళలకు కుదరడం, మనకు నచ్చడం. తర్వాతివాళ్లు దాన్నే తిండికి అన్వయించారు. మేము అడిగింది మొదటి రెండే. బస్తీ ఆడవాళ్లు నాలుగోదాన్ని రాత్రి తొమ్మిదింటి బండి దగ్గర, మూడోదాన్ని చింతపిక్కలతో మాకు నేర్పారు.

అమెరికాలోనే ఆల్‌కాట్, మరికొందరు 2019లో ప్రచురించిన అధ్యయనం ఇంకా సూటిగా ఉంది. పేద పేటల్లో కొత్త సూపర్‌మార్కెట్ తెరిచినా అక్కడివాళ్లు తినేది పెద్దగా మారలేదు. ధనికుల తిండికీ పేదల తిండికీ పోషకాల్లో ఉన్న తేడాలో దుకాణాల అందుబాటు వాటా సుమారు పదోవంతే అని తేల్చారు. అక్కడ కారున్నవాళ్లు ఎక్కువ, దూరం పోయి కొనుక్కుంటారు, మన లెక్క వేరు. అయినా దుకాణం దగ్గర మొదలుపెట్టి దుకాణం దగ్గరే ముగించే నా బుద్ధికి చురక తగిలింది.

రైతుబజారు సంగతి కూడా ఇలాంటిదే. 1999 జనవరి 26న మొదలైన ఈ బజార్లలో దళారీ లేకుండా రైతే అమ్ముతాడు, రోజు ధర బోర్డు మీద రాస్తారు. బస్తీవాళ్లు ఎందుకు వెళ్లరని అడిగితే బస్సు ఛార్జీ అంటారనుకున్నాను. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. చేతిలో లేనిది రెండు గంటల సమయం. ఉన్నా, పావు కిలో కోసం అంత దూరం ఎవరు వెళ్తారు? ఐదు కిలోలు కొంటే పెట్టుకోవడానికి ఫ్రిజ్ లేదు.

జూలై 6, ఆదివారం

తొలి ఏకాదశి. కాలనీలో సగం ఇళ్లు ఉపవాసం, కాబట్టి అటు వెళ్లలేదు.

కొత్త ఫారం తయారైంది. దొరుకుతుందా అన్న ప్రశ్న అలాగే ఉంచి, కింద ఇంకోటి చేర్చాం: నిన్న ఈ కూర మీ పళ్లెందాకా రాకుండా ఎక్కడ ఆగింది? ధర దగ్గరా, వేళ దగ్గరా, గ్యాసు దగ్గరా, ఇంట్లోవాళ్లు మేం తినం అన్న చోటా? అసలు ఆగలేదా?

ఒక చిక్కు వెంటనే వచ్చింది. గర్భిణి ఒకామె గుడ్డు గుండ్రంలో ఏమీ పెట్టలేదు. ఆమె రోజూ అంగన్‌వాడీలో గుడ్డు తింటోంది. 2015 నుంచి నడుస్తున్న ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు అక్కడ ఒక పూట భోజనం, పాలు, గుడ్డు పెడతారు. అదెందుకు లెక్కపెట్టలేదమ్మా అంటే, "అది సెంటరు గుడ్డు, మా ఇంటి గుడ్డు కాదు" అంది. అంగన్‌వాడీ టీచర్ ముఖం చూడాలి. ఆ మాటకు ఆమె ఎంత నొచ్చుకుందో అంత నవ్వింది. తిన్నది, కొన్నది అని రెండు గడులు చేశాం.

అంట్లు తోమే ఆమె ఇంటికి మళ్లీ వెళ్లాం. కొత్త ప్రశ్న ఆమె కోసమే తయారుచేసినట్టుంది కదా. నిన్నటి కూర ఎక్కడ ఆగిందో చెప్పమంటే, ఆగలేదు అంది. బెండకాయ వేపుడు, కోడిగుడ్ల పులుసు, పిల్లలకు డజను అరటిపండ్లు. ఫారంలో అన్నీ ఆగలేదు అనే గుర్తులే.

వారం కిందట చారు. ఇప్పుడు ఇది. పిల్లలు నావైపు చూశారు, నేను అంగన్‌వాడీ టీచర్‌వైపు చూశాను. ఆమె కూడా ఏమీ చెప్పలేదు. వానలో తడుస్తూ వచ్చేశాం.

జూలై 15, మంగళవారం

మొన్న ఆదివారం లష్కర్ బోనాలు. ఆ వారమంతా సర్వే వద్దని ముందే అనుకున్నాం. అయినా ఒక అబ్బాయి ఉత్సాహం కొద్దీ నిన్న ఏడు ఫారాలు నింపుకొచ్చాడు. నిన్న ఏం తిన్నారు అన్న గడిలో ఏడింటా మటన్. ఎక్కడ ఆగింది అన్నచోట ఏడింటా ఆగలేదు. వాటిని విడిగా ఒక కవరులో పెట్టి, పైన బోనాలు అని రాసి అటకెక్కించాం. అబ్బాయి బాధపడ్డాడు. రెండు ఇళ్లలో భోజనం పెట్టారటలే, ఆ బాధ అంత లోతుగా ఏమీ లేదు.

జూలై 19, శనివారం

ఈ రోజు బస్తీకి వెళ్లింది ఫారాల కోసం కాదు. గోడకు తగిలించమని పటం పెద్దది చేయించి అంగన్‌వాడీకి ఇచ్చాం. పొద్దున బండ్లు పసుపు చుక్కలు, రాత్రి బండ్లు నీలం చుక్కలు, రైలు కట్ట ఈసారి లావాటి నల్లగీత. ఆడవాళ్లు వచ్చి చూసి, రెండు చుక్కలు తప్పన్నారు. ఒక బండి గురువారం రాదట, ఇంకో బండివాడు ఊరెళ్లి నెలయిందట.

అంట్లు తోమే ఆమె కూడా వచ్చింది. ఉండబట్టలేక అడిగేశాను. మొదటిసారి చారు మెతుకులు, రెండోసారి కోడిగుడ్ల పులుసు, ఏది రాసుకోమంటావమ్మా అని.

"రెండూ రాసుకోండి మేడమ్. మొదట మీరు వచ్చింది ఇరవై ఎనిమిదో తారీకు. తర్వాత వచ్చింది ఆరు. నాకు జీతం ఐదున ఇస్తారు." ఆగి, ఇంకా అర్థం కాలేదేమోనన్నట్టు నా ముఖంలోకి చూసి, "మీకూ నెలకోసారే ఇస్తారు కదా?" అంది.

ఇస్తారు. ఫ్రిజ్‌లో కూరగాయలున్నాయో లేదో చూసి తారీకు చెప్పాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు.

రాత్రి ఫారాలన్నీ మంచం మీద పరిచి నెల మొదటి పది రోజులవి, చివరి పది రోజులవి విడదీద్దామని కూర్చున్నాను. ప్రతి ఫారం కుడివైపు పైన తేదీ అని ఒక గడి ఉంది. మేమే పెట్టుకున్నాం. సగం ఫారాల్లో అది ఖాళీ. పిల్లలను తిట్టడానికి ఫోను తీసి, నేను నింపినవి కూడా ఖాళీగానే ఉండటం చూసి, పెట్టేశాను.

25న మళ్లీ వెళ్తున్నాం. అవే ఇళ్లు, అవే ప్రశ్నలు. పిక్కలు ఇంకో డబ్బా సంపాదించాలి. అంగన్‌వాడీ పిల్లలు వామనగుంటలు ఆడి సగం పోగొట్టారు.